గుడ్డు తేలేదాకా ఉప్పు

ఆ రోజుల్లో మా బెజవాడలో కోపానికి మంచి గౌరవం ఉండేది. కోపిష్టి మనిషి అంటే మనసులో ఏమీ దాచుకోనివాడని అర్థం. రాళ్ళు పేలే ఎండల్లో బతుకుతూ కూడా చల్లగా, నవ్వుతూ కనిపించేవాణ్ణి జనం కాస్త అనుమానంగా చూసేవాళ్ళు. ఆ లెక్కన నా అంత నిజాయితీపరుడు కృష్ణకి ఇవతల ఒడ్డున ఇంకొకడు ఉండేవాడు కాడు. కాలేజీలో పిల్లలు నాకు ‘పంపు స్టవ్ మాస్టారు’ అని పేరు పెట్టారు. (నాలుగుసార్లు పంపు కొడితే భగ్గుమంటానట. నాకు తెలిసి రెండుసార్లు చాలు.) ఇప్పుడు నేను చెప్పబోయేది నా కోపాలన్నిటిలోకీ పెద్ద కోపం గురించి. దాన్ని పడ్డది ఒక ప్లాస్టిక్ పెట్టె, ఒక ముసలి అటెండరు, సముద్రం ఒడ్డునుంచి వచ్చిన ఒకావిడ. ముగ్గురిలో ఒక్కరు కూడా నాకు ఏ అపకారమూ చెయ్యలేదు.

నేను బీఎస్సీ జువాలజీ పాసై, ఒక ప్రైవేటు కాలేజీలో టెంపరరీ డిమాన్‌స్ట్రేటర్‌గా చేరిన ఏడాది అది. నాన్న మిషన్ ఆసుపత్రిలో కాంపౌండరు. టెంపరరీ అనే మాట ఆయనకి జ్వరం పేరులా వినపడేది. ‘‘ఇబ్రహీంపట్నంలో థర్మల్ కరెంటు స్టేషన్ కడుతున్నారు. స్టోర్సులో గుమస్తా పోస్టు ఉంది. పాస్టరు గారి బావమరిది మాటిచ్చాడు. కప్పల్ని కోసుకుంటూ ఎన్నాళ్ళుంటావురా?’’ అనేవారు. నాకేమో పాఠం చెప్పడమంటే ప్రాణం. ఏప్రిల్‌లోగా పోస్టు పర్మనెంటు కాకపోతే థర్మల్లో చేరతానని ఇంట్లో ఒప్పందం. సాయంత్రం కుటుంబ ప్రార్థనలో నాన్న అందరి గురించీ ఒక్కో ముక్క చెప్పి, నా దగ్గరికి వచ్చేసరికి మాత్రం గొంతు పెంచి, ‘‘ప్రభువా, వీడి కోపం తగ్గించు, వీడికి గట్టి ఉద్యోగం ఇప్పించు’’ అనేవారు. నేను కళ్ళు మూసుకునే పళ్ళు నూరేవాణ్ణి.

మార్చి ఆఖర్లో యూనివర్సిటీ కమిటీ తనిఖీకి వస్తోందని ఫిబ్రవరి మొదట్లోనే తెలిసింది. మా హెడ్డు గారు నన్ను పిలిచారు. ఎప్పుడూ బుగ్గన ఒక లవంగం, నోట్లో ఒకటే మాట, ‘నిదానం’. ‘‘చూడవయ్యా, మన మ్యూజియంలో అన్నీ సీసాల్లో చచ్చినవే. సముద్రపు ప్రాణుల్ని బతికుండగా చూపించామనుకో, కమిటీ పడిపోతుంది. నీ పోస్టు సంగతి నేను చూసుకుంటా. వన్‌టౌన్‌లో మా వాళ్ళ మిఠాయి కొట్లో ఒక తొట్టి ఉంది. ఏదో ఎగ్జిబిషన్‌లో చేపల స్టాలు ఎత్తేసినప్పుడు కొన్నాడు. పోయి తెచ్చుకో’’ అన్నారు. నేను పోయి చూశాను. రెండున్నర అడుగుల పొడవు, అడుగు వెడల్పు యాక్రిలిక్ తొట్టి. యాక్రిలిక్ అనే మాట అప్పటికి ఆ వీధిలో ఎవరూ వినలేదు. ప్లాస్టిక్ అద్దం అనేవాళ్ళు. అందులో మైసూర్‌పాకు పేర్చి ఉంది. ఏళ్ళతరబడి నేతి జిడ్డు పట్టి, నాలుగు పక్కలా మసకబారి, లోపల ఉన్నది మైసూర్‌పాకో ఇటుకలో తెలియడం లేదు. అందుకే ఇచ్చేస్తున్నాడు మహానుభావుడు. దాన్ని రిక్షాలో ఒళ్ళో పెట్టుకుని కాలేజీకి వచ్చేసరికి నా ఒక్కగానొక్క తెల్ల ప్యాంటు నెయ్యి తాగింది, వన్‌టౌన్ చీమలన్నీ నాతోపాటు ఉచితంగా ప్రయాణం చేశాయి.

మా ల్యాబ్ అటెండర్ని అందరం ఫార్మలిన్ తాత అనేవాళ్ళం. మనిషి దేవుడు. అదే వచ్చింది తంటా. ఆ రోజు తొట్టిని కుంకుడుకాయ రసంతో కడగమని చెప్పి నేను క్లాసుకి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి తాత నూతి గట్టు దగ్గర గొంతుక్కూర్చుని, ఇటుక పొడి, కొబ్బరి పీచు పెట్టి, పండక్కి ఇత్తడి బిందె తోమినట్టు తోముతున్నాడు. మామూలు అద్దమైతే ఏమయ్యేదో కానీ, ఇది మెత్తటి సరుకు. లోపలా బయటా చక్రాలు చక్రాలుగా గీతలు. ‘‘జిడ్డంతా పోయిందండి మాస్టారూ, ఒక్క చుక్క ఉంటే ఒట్టు’’ అన్నాడు తాత, చెమట తుడుచుకుంటూ. జిడ్డు పోయిన మాట నిజమే, దానితోపాటు అద్దమూ పోయింది. నేను ఒంటికాలి మీద లేచాను. ఏమేం అన్నానో రాయడం బాగుండదు. తాత అంతా విని, ‘‘పోనీ ముగ్గుపిండితో ఇంకోసారి తోమమంటారా?’’ అన్నాడు.

ఆ గీతలు పోగొట్టడం నాకు మూడు చెరువుల నీళ్ళు తాగించింది. ఆటోనగర్‌లో లారీలకి రంగులేసే మేస్త్రీ దగ్గరికి వెళితే, నీళ్ళలో తడిపి రుద్దే నున్నటి ఎమరీ కాగితం ఇచ్చి, ‘‘ముందు గరుకుది, తర్వాత నునుపుది. ఒకే వైపు రుద్దండి సార్, గుండ్రంగా తిప్పారంటే మళ్ళీ మొదటికొస్తుంది’’ అని చెప్పాడు. మూడు వారాలు రుద్దాను. రుద్దినకొద్దీ ముందు ఇంకా మసకబారుతుంది. ఆఖర్న ఇత్తడి పాలిష్ వేసి నాన్న పాత పంచె ముక్కతో రుద్దితే, ఒక శుక్రవారం మధ్యాహ్నం తొట్టి అవతల గోడ మీద బల్లి కనపడింది. ఏ బల్లిని చూసీ అంత సంతోషించింది లేదు. తీరా నీళ్ళు పోస్తే మూలన అతుకు కారుతోంది. ఆ సరుకుని క్లోరోఫారంతో అతికించొచ్చని ఏదో పుస్తకంలో చదివాను. కప్పల్ని మత్తులో పెట్టడానికి ఉంచిన సీసా తీసి, సిరంజితో అతుకు వెంట చుక్క చుక్క వేశాను. అతుకు అద్భుతంగా పట్టింది. నేను మాత్రం తొట్టిలో తల పెట్టి పనిచేశానేమో, కాసేపటికి కిటికీలు రెండేసి కనిపించాయి. తాత నన్ను వరండాలోకి లాక్కెళ్ళి మొహాన నీళ్ళు కొట్టాడు. కళ్ళు తెరవగానే, ‘‘ఎవడ్రా నా మొహాన నీళ్ళు కొట్టింది?’’ అని అరిచానట. హెడ్డు గారు వచ్చి ఖాళీ సీసా చూసి, ‘‘నిదానం. ఇక ఈ టర్మ్‌లో కప్పలకి మత్తు లేదన్నమాట’’ అని వెళ్ళిపోయారు.

తొట్టి సిద్ధమైంది. ఇక సముద్రం కావాలి. దానికి మాకు ఒక్కటే దారి, బందరు అక్క. నలభై ఏళ్ళుంటాయి. రోజూ పొద్దున్నే బందరు పాసింజర్‌లో చేపల గంపతో దిగి, వన్‌టౌన్ చేపల బజార్లో అమ్ముకుని, సాయంత్రం బండికి వెళ్ళిపోయేది. మా ల్యాబ్‌కి కోతకి కావలసిన పాల సొరలు, రొయ్యలు తనే తెచ్చేది. నా మాట వినగానే, ‘‘సముద్రం నీళ్ళా బాబూ? అయ్యెందుకు, అన్నంలోకి రావే’’ అని పడీ పడీ నవ్వింది. నవ్వినా తెచ్చింది. వాళ్ళ మనుషులు పడవ మీద బురద దాటి లోపలికి పోయి నింపిన నీళ్ళు, మూడు పెద్ద ఆసిడ్ సీసాల్లో గార్డుని బతిమాలి బండెక్కించింది. మర్నాడు ఇత్తడి బిందెలో తడిగుడ్డ కప్పి చారల పిల్లచేపలు పది, శంఖాల్లో దూరి నడిచే సన్యాసి పీతలు నాలుగు తెచ్చింది. మ్యూజియం బీరువాలోంచి పగడపు దిబ్బల ముక్కలు తీసి వారం రోజులు నానబెట్టి కడిగి, లోపల కొండలా పేర్చాను. గాలికోసం లారీ ట్యూబులో గాలి కొట్టించి, నాన్న ఆసుపత్రి నుంచి తెచ్చిన సెలైన్ గొట్టం బిగించి, బుడగలు సన్నగా వచ్చేలా క్లిప్పు సర్దాను. ఆ తొట్టి ముందు నిలబడితే నిజంగా సముద్రం అడుగున ఉన్నట్టుండేది. క్లాసులు ఎగ్గొట్టే పిల్లలు కూడా దాన్ని చూడ్డానికి కాలేజీకి వచ్చేవాళ్ళు. సన్యాసి పీత ఒకటి పగడపు కొండ ఎక్కి కింద పడి, మళ్ళీ ఎక్కేది. దాని మీద మాత్రం నాకు ఒక్కనాడూ కోపం రాలేదు.

ఎండలు ముదిరాయి. ఫ్యాను గాలికి తొట్టిలో నీళ్ళు రోజూ కొంచెం కొంచెం తగ్గేవి. తగ్గినంతా మిగిలిన సీసాలోని సముద్రపు నీళ్ళతోనే నింపేవాణ్ణి. సముద్రం తగ్గితే సముద్రమే పొయ్యాలి, నా తర్కం అది. కమిటీ రావడానికి ముందు రోజు పొద్దున బందరు అక్క వచ్చింది. చేపలు కాస్త మందకొడిగా ఉన్నాయి. ఆవిడ గంప దింపి, తొట్టిలో వేలు ముంచి, నాలిక మీద వేసుకుని, చప్పరించి, మొహం చిట్లించింది.

‘‘ఉప్పు ముదిరిపోయిందండి బాబూ. రెండు చెంబులు మంచినీళ్ళు పొయ్యండి’’ అంది.

‘‘మంచినీళ్ళా? సముద్రపు చేపలకా?’’ అన్నాను.

‘‘నీళ్ళు ఆవిరైపోతాయి గానీ ఉప్పు ఎక్కడికి పోద్ది బాబూ? పులుసు మరిగితే ఉప్పెక్కదా?’’

‘‘సముద్రంలో మంచినీళ్ళు ఎవరు పోస్తున్నారమ్మా?’’

‘‘వాన పడదా బాబూ? మన కృష్ణ పోయి కలవదా?’’ అంది, పసివాడికి చెప్పినట్టు.

తాత కిసుక్కున నవ్వాడు. వెనక బల్ల దగ్గర ఫైనలియర్ పిల్లలు కూడా నవ్వారు. ఇక చూడండి, అగ్గి మీద గుగ్గిలమే. సముద్రం గురించి నాకు పాఠం చెప్పేదానివా అన్నాను. డిగ్రీ ఎవరికుందన్నాను. ఎంగిలి వేలు తొట్టిలో పెట్టి చేపల్ని పాడుచేసింది నువ్వేనన్నాను. ఆవిడ గంప నెత్తికెత్తుకుంది. అంతటితో ఊరుకున్నానా? ఆవిడ వీధి మలుపు తిరిగాక గేటు దాకా వెళ్ళి, మేమంతా గేటు బాబాయ్ అని పిలిచే వాచ్‌మన్‌తో, ‘‘ఈవిణ్ణి మళ్ళీ లోపలికి రానిచ్చావో, నీ ఉద్యోగం ఊడుతుంది’’ అని అరిచాను. (అక్కడున్న ఇద్దరిలో ఉద్యోగం ఊడడానికి సిద్ధంగా ఉన్నది నాదొక్కటే.)

ఉప్పు ఎంతుందో కొలిచే సాధనం ల్యాబ్‌లో ఒకటుండేది. అది అంతకు ముందు నెలలోనే నేను టేబుల్ మీద గుద్దినప్పుడు దొర్లి పగిలింది. అప్పుడు నాకు మా అమ్మ గుర్తొచ్చింది. అమ్మ మామిడికాయలు ఉప్పునీళ్ళలో ఊరేసేటప్పుడు అందులో ఒక కోడిగుడ్డు వేసి చూసేది. మునిగితే ఉప్పు చాలదు, తేలితే సరిపోయింది. ఆ రోజు మధ్యాహ్నం క్యాంటీన్ నుంచి ఒక గుడ్డు తెప్పించి తొట్టిలో వేశాను. గుడ్డు బుడుంగున మునిగి పగడాల మధ్య పడుకుంది. నా ఆనందం ఏమని చెప్పను! ‘‘చూశావా తాతా? ఉప్పెక్కువైందట! అసలు చాలనే లేదు!’’ అని కల్లుప్పు తెప్పించాను. కిలో వేసి కలిపాను. గుడ్డు కదల్లేదు. ఇంకో కిలో వేశాను. నిటారుగా లేచి నిలబడింది. తాత, ‘‘మాస్టారూ, అది ఊరగాయ లెక్క గదండీ, ఇయ్యి బతికున్న చేపలు’’ అన్నాడు. ‘‘నువ్వు మాట్లాడకు’’ అన్నాను. మూడో కిలో, నాలుగో కిలో. గుడ్డు అడుగు వదిలి మెల్లగా పైకి వచ్చి తేలింది.

సముద్రంలో ఉప్పు నూటికి మూడున్నర పాళ్ళని నాకు తెలియక కాదు. ఆ వాక్యం నేనే పిల్లలకి డిక్టేషన్ చెప్పాను. కాగితం మీద లెక్క వేస్తే ఐదు నిమిషాల్లో తేలిపోయేది. ఆ లెక్క వేస్తే బందరు అక్క గెలుస్తుందని లోపల ఎక్కడో తెలిసే ఉంటుంది, అందుకే వెయ్యలేదు. సాయంత్రం నాలుగున్నరకల్లా గుడ్డు పక్కనే చారల చేపలు పదీ తేలాయి. సన్యాసి పీతలు శంఖాలు వదిలేసి బయటికి వచ్చి పడి ఉన్నాయి. ఇల్లు వదిలి బయటికి వస్తే పీత ఎంత చిన్నదో, ఎంత మెత్తనిదో అప్పుడే చూశాను. కొండ ఎక్కి పడేది ఏదో పోల్చుకోలేకపోయాను. తాత ఏదైనా అని ఉంటే తిట్టడానికైనా వీలుండేది. ఒక్కొక్కదాన్నే చెంచాతో తీసి పళ్ళెంలో పెట్టి, తన సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు పదకొండింటికి కమిటీ వచ్చింది, ముగ్గురు. పెద్దాయన తొట్టి ముందు వంగి చాలాసేపు చూశారు. ‘‘తొట్టి బ్రహ్మాండంగా ఉంది. ఇంత తేటగా ఎలా వచ్చింది? మరి ప్రాణులేవీ?’’ అన్నారు. హెడ్డు గారు లవంగం ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకి మార్చుకుని, ‘‘ఇది లోతు సముద్రం నమూనా అండీ. అక్కడ ప్రాణులు పలచగా ఉంటాయి’’ అన్నారు. ఆ పెద్దాయన నవ్వి నా వైపు తిరిగి, ‘‘మీరు చెప్పండి మాస్టారూ’’ అన్నారు. ఎంతో మర్యాదగానే అడిగారు. నేను, ‘‘చచ్చిపోయాయి! నేనే చంపాను! ఇంకేం చెప్పాలి?’’ అని గదంతా అదిరేలా అరిచాను. చేపల్ని ఆయనే చంపినట్టుంది నా గొంతు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని పక్క గదిలోకి నడిచారు. తర్వాత హెడ్డు గారు నన్ను వరండాలోకి పిలిచి, ‘‘నిజం చెప్పావు, సంతోషం. ఆ నిజమే కాస్త మెల్లగా చెప్పి ఉంటే ఆయన నవ్వేసేవాడయ్యా. ఇప్పుడు నేనేం చేసేది?’’ అన్నారు. పోస్టు పోయిందని ఆయన గొంతులోనే తెలిసింది.

మధ్యాహ్నం సైకిలు తీసుకుని గేటు దగ్గరికి వెళితే గేటు బాబాయ్ సెల్యూట్ కొట్టాడు. ‘‘మీరు చెప్పినట్టే చేశానండి సార్. బందరావిడ పొద్దున్నే వచ్చింది. నెత్తి మీద బిందె, ఎనకాల రిక్షాలో ఓ పెద్ద సీసా. బతికున్న చేపలంట, మీకు అర్జెంటంట. ఎంత బతిమాలినా, మీ పేరు ఎత్తకుండా, లోనికి అడుగు పెట్టనివ్వలేదు. రెండు గంటలు ఎండలో కూర్చుని కూర్చుని పోయింది’’ అన్నాడు, మెచ్చుకుంటానని చూస్తూ. సంగతేమిటంటే, ముందు రోజు సాయంత్రం తాత తిన్నగా స్టేషన్‌కి వెళ్ళి, బందరు బండి కదిలే ముందు ఆవిణ్ణి పట్టుకుని జరిగిందంతా చెప్పాడు. నాకు చెబితే అరుస్తానని చెప్పలేదు. పొద్దున్నేమో కమిటీ వాళ్ళని తీసుకురమ్మని హెడ్డు గారు తాతని స్టేషన్‌కి పంపారు. నన్ను రక్షించే నీళ్ళూ, చేపలూ గేటు బయట ఉన్నాయి, లోపల ఖాళీ తొట్టి పక్కన నేనున్నాను, మధ్యలో నా ఆర్డరు ఉంది. గేటు బాబాయ్‌ని తిట్టడానికి నోరు తెరిచాను. మూసుకుని సైకిలెక్కాను.

థర్మల్లో చేరడానికి ముందు శనివారం వన్‌టౌన్ చేపల బజారుకి వెళ్ళాను. దారంతా ఏం చెప్పాలో వల్లె వేసుకున్నాను. తప్పు నాదక్కా, గేటు దగ్గర నిన్ను ఆపమన్నది నేనే, ఆ కేకలన్నీ తప్పే. నేను నోరు విప్పేలోపే ఆవిడ కత్తిపీట పక్కకి నెట్టి లేచి నిలబడింది. ‘‘బాబూ, ఆ రోజు నన్ను లోనికి రానివ్వలేదండి. కొత్త వాచ్‌మన్ను కాదు గదా, తెలిసిన మనిషే గదా అని మెల్లిగా అడిగాను. నాలుగు కేకలేసి రావలసింది. నా మూలాన మీ ఉజ్జోగం పోయిందేమోనని రాత్రుళ్ళు నిద్ర లేదు బాబూ. వచ్చిందా?’’ అంది.

కమిటీ ముందు గది అదిరేలా నిజం చెప్పిన మొనగాణ్ణి, ఆ చేపల గంపల మధ్య నిలబడి, ‘‘వచ్చిందక్కా’’ అన్నాను. ఆవిణ్ణి అక్కా అని మొహం మీద పిలవడం అదే మొదటిసారి. ఆవిడ మొహం వెలిగిపోయింది. ‘‘సల్లగా ఉండండి బాబూ’’ అని, వద్దంటున్నా వినకుండా రెండు మంచి పండుగప్ప ముక్కలు ఆకులో చుట్టి చేతిలో పెట్టింది. గేటు దగ్గర ఆపమన్నది నేనేనని నిజం చెప్పి ఉంటే ఆవిడ నన్ను క్షమించేది, అది నాకు తెలుసు. చెప్పలేకపోయాను. ఇన్నిసార్లు కోపపడిన వాణ్ణి, ఆ ఒక్క మాటకి ధైర్యం చాలలేదని ఇప్పటికీ నా మీద నాకు మంటే.

ఆ రాత్రి అమ్మ పులుసు పెట్టింది. నాన్న ముక్క నోట్లో పెట్టుకుని, ‘‘ఇంత మంచి చేప ఎవరిచ్చార్రా?’’ అన్నారు. ‘‘ఉద్యోగం వచ్చినందుకు ఇచ్చారు’’ అన్నాను. థర్మల్ ఉద్యోగం సంగతే అనుకుని, ఆయన సంతోషంగా ఇంకో ముక్క వేయించుకున్నారు. ఆ రోజు ప్రార్థనలో నా కోపం ఊసెత్తలేదు. ముప్పై నాలుగేళ్ళు ఆ స్టోర్సులోనే బోల్టులు, వాల్వులు చూసుకుంటూ గడిపాను. అక్కడా బోలెడు అరిచాను, అదంతా వేరే కథ. తొట్టి ముందు నిలబడి కల్లుప్పు పోస్తున్న ఆ ఇరవై రెండేళ్ళ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ ముందు కోపమే వస్తుంది. కాసేపు ఆగితే నవ్వొస్తుంది. ఆగడం మాత్రం నాకు డెబ్బై దాటాక వచ్చింది.